శిక్ష లేని తీర్పు: 2024 మే 30 తర్వాత 225 రోజులు

సభకు నమస్కారం.

2024 మే 30 సాయంత్రం 5 గంటలు దాటాక న్యూయార్క్‌లోని మన్‌హాటన్ క్రిమినల్ కోర్టులో జ్యూరీ పెద్ద లేచి నిలబడి ‘దోషి’ అనే మాట 34 సార్లు పలికారు. అమెరికా చరిత్రలో ఒక మాజీ అధ్యక్షుడు, అదీ మళ్లీ పోటీలో ఉన్న వ్యక్తి, నేరస్థుడిగా తేలడం అదే మొదటిసారి. ఆ రాత్రి టీవీల్లో సగం మంది డొనాల్డ్ ట్రంప్ పని అయిపోయిందన్నారు. మిగతా సగం ఈ తీర్పే ఆయన్ను గెలిపిస్తుందన్నారు. రెండూ నిలబడలేదు. ఈ వ్యవహారంలో మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది ఒకటుంది. అది దోషి అని తేలిన రోజుకూ శిక్ష చెప్పిన రోజుకూ మధ్య ఉన్న ఖాళీ. ఆ ఖాళీ 225 రోజులు. పోలింగ్ అందులో 159వ రోజున వచ్చింది. ఓటరు చేతికి అందింది సగం తీర్పు. మిగతా సగాన్ని రెండు పార్టీలూ ఎవరికి కావలసినట్టు వాళ్లు పూరించుకున్నాయి.

ముందు కేసేమిటో సరిగ్గా చూద్దాం. ‘ఒక నటికి డబ్బిచ్చినందుకు దోషి అయ్యాడు’ అని మన దగ్గర చాలామంది అంటారు. అది కాదు. నోరు విప్పకుండా ఉండమని డబ్బివ్వడం అక్కడ దానంతట అది నేరం కాదు. ఆ డబ్బును పద్దుల్లో ఎలా రాశారన్నదే కేసు. 2016 అక్టోబర్‌లో, ఎన్నికలకు రోజుల ముందు, ట్రంప్ లాయరు మైఖేల్ కోహెన్ తన చేతి నుంచి, ట్రంప్‌తో సంబంధం ఉందన్న ఆ నటి స్టార్మీ డేనియల్స్‌కు 1,30,000 డాలర్లు ఇచ్చాడు. మరో ఖర్చు కింద 50,000 కలిపితే 1,80,000. దీన్ని ఆదాయంగా చూపిస్తే కోహెన్ పన్ను కట్టాలి కాబట్టి మొత్తాన్ని రెట్టింపు చేశారు, 3,60,000 అయింది. పైన 60,000 బోనస్. మొత్తం 4,20,000 డాలర్లు, నెలకు 35,000 చొప్పున 2017 అంతా చెల్లింపు. పద్దుల్లో మాత్రం అది బాకీ తీర్చడంగా కనిపించదు. ‘లీగల్ ఖర్చులు’ అని రాశారు, నెలనెలా లాయరు ఫీజు ఇచ్చినట్టు. 34 అభియోగాల లెక్క కూడా అక్కడిదే: 11 ఇన్వాయిస్‌లు, 11 చెక్కులు, లెడ్జర్‌లో 12 పద్దులు. ఆ చెక్కుల్లో 9 మీద ట్రంప్ సంతకమే ఉంది.

తప్పుడు పద్దు రాయడం న్యూయార్క్ చట్టంలో చిన్న నేరం, మిస్‌డెమీనర్. దాన్ని ఫెలనీ, అంటే పెద్ద నేరం, చేయాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి: మరొక నేరం చేయడానికో, కప్పిపుచ్చడానికో ఆ పద్దు రాశారని రుజువు చేయాలి. ప్రభుత్వం తరఫున కేసు నడిపిన జిల్లా అటార్నీ ఆల్విన్ బ్రాగ్ చూపిన ఆ రెండో నేరం న్యూయార్క్ ఎన్నికల చట్టంలోని 17-152 సెక్షన్, అంటే చట్టవిరుద్ధమైన మార్గాల్లో ఒకరిని గెలిపించడానికి కుట్ర పన్నడం. ఆ చట్టవిరుద్ధ మార్గం ఏమిటి? ఎన్నికల విరాళాల పరిమితి దాటడమా, పన్ను పత్రాల్లో అబద్ధమా, ఇతర తప్పుడు రికార్డులా? ఈ మూడింటిలో ఏదన్న విషయంపై 12 మంది జ్యూరర్లూ ఏకాభిప్రాయానికి రావాల్సిన పనిలేదని జడ్జి జువాన్ మెర్చాన్ చెప్పారు. కుట్ర జరిగిందన్నదానిపై ఏకగ్రీవం ఉంటే చాలు.

న్యాయపరంగా ఇందులో వింతేమీ లేదు. రాజకీయంగా మాత్రం ఇదే బలహీనత. ప్రాసిక్యూషన్ వాదన అర్థం కావాలంటే ఓటరు మూడు మెట్లు ఎక్కాలి. ట్రంప్ పక్షానికి ‘విచారణే రిగ్గింగ్’ అనే ఒక్క మాట సరిపోయింది. జార్జియాలో, వాషింగ్టన్‌లో 2020 ఫలితాన్ని తారుమారు చేయబోయారన్న కేసులు ఇంతకంటే సూటిగా ఉండేవి. అవి ఎన్నికలలోపు విచారణ దాకా రాలేదు. నాలుగు క్రిమినల్ కేసుల్లో జనానికి వివరించడం కష్టమైనదే ముందుగా తీర్పు దాకా వచ్చింది. ఆ వరుసను బ్రాగ్ ఎంచుకోలేదు, డెమోక్రాట్లూ ఎంచుకోలేదు. వాయిదాలు నిర్ణయించాయి.

దోషి అయినవాడు పోటీ ఎలా చేస్తాడని మనవాళ్లు ఆశ్చర్యపోతారు. అమెరికా రాజ్యాంగం అధ్యక్షుడికి పెట్టిన షరతులు మూడే: పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, 14 ఏళ్లు దేశంలో నివసించి ఉండాలి. జైలు మాట ఎక్కడా లేదు. 1920లో సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ అట్లాంటా జైలు నుంచే పోటీ చేసి 9 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. తిరుగుబాటులో పాల్గొన్నవాళ్లను పదవులకు దూరం పెట్టే 14వ సవరణను రాష్ట్రాలు తమంతట తాము అధ్యక్ష అభ్యర్థి మీద ప్రయోగించలేవని సుప్రీంకోర్టు 2024 మార్చి 4న తేల్చేసింది. ఆ దారి తీర్పుకు మూడు నెలల ముందే మూసుకుంది.

మన దేశంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) కింద రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం పోతుంది. శిక్షాకాలం, దానిపైన మరో ఆరేళ్లు పోటీకి అనర్హత. అప్పీలు వేసుకుంటే సభ్యత్వం నిలిచే వెసులుబాటును 2013 జూలైలో లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 మార్చి 23న సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి రెండేళ్లు వేసింది. మర్నాడే లోక్‌సభ సభ్యత్వం పోయింది. ఒక్కరోజు తక్కువ వేసినా అనర్హత వచ్చేది కాదని ఆ ఆగస్టులో స్టే ఇస్తూ సుప్రీంకోర్టే అంది. గమనించండి, ఈ సెక్షన్ కింద అనర్హతను తెచ్చేది శిక్ష కాలపరిమితే, ఉత్త దోష నిర్ధారణ కాదు. అయితే మన కోర్టు సాధారణంగా తేల్చిన రోజునే, లేదా కొద్ది రోజుల్లోనే, శిక్ష చెబుతుంది. న్యూయార్క్‌లో శిక్షకు ముందు దోషి నేపథ్యంపై ప్రొబేషన్ విభాగం ఇచ్చే నివేదిక కోసం వారాల గడువు ఇవ్వడం మామూలు. మెర్చాన్ జూలై 11 తేదీ ఇచ్చారు. అంతా ఆ తేదీ చుట్టూ తిరిగింది.

ఓటు హక్కు సంగతీ అంతే. ట్రంప్ ఫ్లోరిడా ఓటరు. వేరే రాష్ట్రంలో దోషి అయినవాళ్ల విషయంలో ఫ్లోరిడా ఆ రాష్ట్ర నియమాన్నే పాటిస్తుంది. న్యూయార్క్‌లో జైల్లో లేకపోతే ఓటు ఉంటుంది. అందుకే ఆయన నవంబర్ 5న పామ్ బీచ్‌లో ఓటేశారు. ఇదే ఫెలనీ ఫ్లోరిడా కోర్టులో తేలి ఉంటే శిక్ష పూర్తి చేసి, జరిమానాలూ ఫీజులూ కట్టేదాకా ఓటు రాదు. అక్కడి పేదలు వేలమంది ఆ ఫీజుల దగ్గరే ఆగిపోయారు. గ్రీన్ కార్డు మీద ఉన్న మన తెలుగువాడికి మోసపు ఉద్దేశంతో కూడిన ఫెలనీ తేలితే దేశం నుంచి పంపేసే ప్రక్రియే మొదలు కావచ్చు. ఒకే తీర్పు ఎవరి మీద పడిందన్నదాన్ని బట్టి దాని బరువు ఇంతగా మారడం నాకు మింగుడుపడదు.

ఇక డబ్బు సంగతి. తీర్పు వచ్చిన నిమిషాల్లోనే ట్రంప్ బృందం ‘నేను రాజకీయ ఖైదీని’ అనే సందేశాలతో విరాళాలు అడిగింది. ఆ తాకిడికి విరాళాల సైటు కాసేపు ఆగిపోయింది. 24 గంటల్లో ఆన్‌లైన్‌లో 5.28 కోట్ల డాలర్లు వచ్చాయనీ, ఇచ్చినవాళ్లలో దాదాపు 30 శాతం ఆ వేదికకు కొత్తవాళ్లనీ బృందం ప్రకటించింది. తీర్పు మర్నాడు టిమొతీ మెల్లన్ అనే ఒకే ఒక్క సంపన్నుడు, పరిమితి లేకుండా విరాళాలు తీసుకోగల ట్రంప్ అనుకూల సంస్థకు, అంటే సూపర్ ప్యాక్‌కు 5 కోట్ల డాలర్లు ఇచ్చాడు. అప్పటిదాకా నిధుల్లో బైడెన్ ముందున్నారు. మే చివరికి ఆ ఆధిక్యం కరిగిపోయింది. తీర్పు వల్ల జరిగిందని ఖాయంగా, అంకెలతో చెప్పగలిగిన ఫలితం ఇదొక్కటే. ఓట్ల విషయంలో అంత ధీమాగా ఎవరూ చెప్పలేరు.

పార్టీ ఎలా సర్దుకుందో కూడా చూడండి. మేరీలాండ్ మాజీ గవర్నర్ ల్యారీ హోగన్ అప్పుడు సెనేట్ అభ్యర్థి. తీర్పు చదవడానికి కాస్త ముందు, ఫలితం ఏదైనా న్యాయప్రక్రియను గౌరవించండని రాశారు. అంతే, దోషి అని కూడా అనలేదు. ట్రంప్ సలహాదారు క్రిస్ లాసివిటా వెంటనే ‘నీ ప్రచారం నువ్వే ముగించుకున్నావు’ అని జవాబిచ్చారు. ఆ ఒక్క జవాబు మిగతా రిపబ్లికన్లందరికీ హెచ్చరికగా పనిచేసింది. స్పీకర్ మైక్ జాన్సన్ సుప్రీంకోర్టు కలగజేసుకోవాలన్నారు. తీర్పును తప్పుపట్టడమే పార్టీ విధేయతకు కొలబద్ద అయింది.

డెమోక్రాట్ల ఇబ్బంది వేరు. తీర్పును వాడుకుంటే కేసు వెనక తామే ఉన్నారన్న ఆరోపణకు బలం వస్తుంది, వాడుకోకపోతే అవకాశం పోతుంది. బైడెన్ మర్నాడు వైట్‌హౌస్‌లో కొద్దిసేపు మాట్లాడి, తీర్పును రిగ్గింగ్ అనడం ప్రమాదకరమన్నారు. జూన్ 11న ఆయన కొడుకు హంటర్ తుపాకీ కేసులో మూడు ఫెలనీల్లో దోషి అయ్యాడు. కోర్టులు ఒక పార్టీ చెప్పుచేతల్లో లేవనడానికి అదే రుజువని చెప్పుకోవచ్చు. కానీ కన్నకొడుకు కేసును ఏ తండ్రి ప్రచారంలో వాడతాడు? ‘దోషిగా తేలిన నేరస్థుడు’ అని నేరుగా చెప్పే టీవీ ప్రకటన జూన్ 17న గానీ రాలేదు. పది రోజుల తర్వాత, జూన్ 27న, అట్లాంటా చర్చలో బైడెన్ తడబడ్డారు. ఆ రాత్రితో దేశం మాట్లాడుకునే విషయమే మారిపోయింది.

సర్వేల దగ్గర జరిగిన పొరపాటు నేర్చుకోదగ్గది. జనవరిలో అయోవా రాష్ట్రంలో అభ్యర్థిని ఎంచుకునే పార్టీ సమావేశాల్లో, అంటే రిపబ్లికన్ కాకసస్‌లో పదిమందిలో సుమారు ముగ్గురు, ట్రంప్ దోషిగా తేలితే పదవికి తగడని చెప్పారు. అది చూసి చాలామంది ఆ ఓట్లన్నీ పోతాయని లెక్కగట్టారు. ‘తగడు’ అనడం వేరు, ఎదుటివాడికి ఓటేయడం వేరు. ఊహించి అడిగిన ప్రశ్నకు మనిషి తన విలువను చెబుతాడు, తన ఓటును కాదు. సరైన పద్ధతి, ముందు అడిగినవాళ్లనే తీర్పు తర్వాత మళ్లీ అడగడం. న్యూయార్క్ టైమ్స్, సియెనా కాలేజీ దాదాపు 2,000 మందికి అలా తిరిగి ఫోన్ చేశాయి. ట్రంప్ ఆధిక్యం 3 పాయింట్ల నుంచి 1కి తగ్గింది. చిన్న కదలికే, కానీ సున్నా కాదు. కదిలినవాళ్లలో ఎక్కువమంది రాజకీయాలను పెద్దగా పట్టించుకోనివాళ్లు, గతంలో బైడెన్‌కు ఓటేసి ఈసారి ట్రంప్ వైపు ఊగుతున్నవాళ్లు. ఇలాంటి ఓటరు మనసులో తీర్పు నిలవాలంటే వార్త మళ్లీ మళ్లీ రావాలి. జూలై 11న శిక్ష పడి ఉంటే అది ఇంకోసారి వచ్చేది. ఆ తర్వాత నాలుగు రోజుల్లోనే మిల్వాకీలో రిపబ్లికన్ పార్టీ మహాసభ.

ఆ తేదీ ఎలా జారిపోయిందో చూడండి. జూలై 1న సుప్రీంకోర్టు 6-3తో, అధ్యక్షుడి అధికారిక చర్యలకు క్రిమినల్ విచారణ నుంచి విస్తృత రక్షణ ఇచ్చింది. పద్దుల కేసుకు అదెలా తగులుతుంది? ఆ తీర్పులో ఇంకో మాట ఉంది: రక్షణ ఉన్న చర్యలను వేరే కేసులో సాక్ష్యంగా కూడా వాడకూడదు. వైట్‌హౌస్ ఉద్యోగిగా ఉన్న హోప్ హిక్స్ వాంగ్మూలం, అధ్యక్షుడిగా ట్రంప్ పెట్టిన ట్వీట్లు ఈ విచారణలో వాడారు. లాయర్లు ఆ పట్టు దొరకబుచ్చుకున్నారు. వాయిదాకు బ్రాగ్ కార్యాలయం అడ్డు చెప్పలేదు. తేదీ సెప్టెంబర్ 18కి మారింది. సెప్టెంబర్ 6న మెర్చాన్, ఎన్నికను ప్రభావితం చేస్తున్నారన్న అనుమానానికి తావివ్వకూడదని నవంబర్ 26కి జరిపారు. జడ్జిగా ఆయన జాగ్రత్త నాకు అర్థమవుతుంది. కానీ శిక్ష చెప్పడం ఎన్నికను ప్రభావితం చేస్తుందనుకుంటే, చెప్పకపోవడమూ చేస్తుంది. చెప్పకపోవడం మాత్రం ఎవరి కంటా పడదు.

ఈలోగా జూలై 13న పెన్సిల్వేనియా రాష్ట్రం బట్లర్‌లో ట్రంప్ మీద కాల్పులు జరిగాయి. రెండు రోజులకు మహాసభ ఆయన్ను అభ్యర్థిగా ఖరారు చేసింది, జేడీ వాన్స్‌ను జత చేసింది. మన దగ్గర వార్తలన్నీ వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు వడ్లూరు చుట్టూ తిరిగాయి. అభ్యర్థి దోషి అన్న మాట ఎవరికీ గుర్తు లేదు. జూలై 21న బైడెన్ తప్పుకున్నాక కమలా హారిస్ వచ్చారు. ప్రాసిక్యూటర్‌గా చేసిన ఆమె తొలి సభల్లో ‘ట్రంప్ లాంటివాళ్లు నాకు తెలుసు’ అన్నప్పుడు హాలు మారుమోగింది. కానీ ఓటర్లు ధరల గురించి, సరిహద్దు గురించి అడుగుతున్నారు. నవంబర్ 5న ట్రంప్‌కు 312 ఎలక్టోరల్ ఓట్లు, హారిస్‌కు 226.

గెలిచాక శిక్ష తేదీ నిరవధికంగా ఆగింది. 2025 జనవరి 3న మెర్చాన్ కేసు కొట్టేయడానికి నిరాకరించి, 10న శిక్ష అన్నారు, జైలు ఉండదని ముందే సూచించారు. ఆపమని ట్రంప్ సుప్రీంకోర్టుకు వెళ్తే 9వ తేదీ రాత్రి 5-4తో తిరస్కరించారు. మర్నాడు ఫ్లోరిడా నుంచి వీడియోలో హాజరైన ట్రంప్‌కు అన్‌కండిషనల్ డిశ్చార్జ్ విధించారు. అంటే జైలు లేదు, జరిమానా లేదు, ప్రొబేషన్ లేదు, దోషి అన్న ముద్ర మాత్రం ఉంటుంది. ఒక్కో అభియోగానికి గరిష్ఠంగా నాలుగేళ్లు పడగలిగే కేసు అది.

ఆ ముద్రను అధ్యక్షుడిగా ఆయన తుడుచుకోలేరు, ఎందుకంటే రాష్ట్ర నేరాలకు అధ్యక్షుడి క్షమాభిక్ష వర్తించదు. ఉన్న దారి అప్పీలే. న్యూయార్క్ అప్పీలు కోర్టులో 2025 అక్టోబర్‌లో వాదనలు దాఖలు చేశారు. కేసును ఫెడరల్ కోర్టుకు మార్చాలన్న అభ్యర్థనను కింది జడ్జి మళ్లీ పరిశీలించాలని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు నవంబర్‌లో ఆదేశించింది. అక్కడా నలిగింది 2024 జూలై 1న లేచిన ప్రశ్నే: హిక్స్ వాంగ్మూలం, ఆ ట్వీట్లు జ్యూరీ ముందుకు రావచ్చా, రాకూడదా.