వంటింటి గ్యాస్ బండ ఏ జలసంధి దాటి వస్తోంది?

ప్రేక్షకులందరికీ నమస్కారం. పశ్చిమాసియాలో యుద్ధం అనగానే మన చర్చంతా పెట్రోలు బంకు చుట్టూ తిరుగుతుంది. లీటరు ధర ఎంత పెరుగుతుంది, బంకుల ముందు బారులు తీరుతారా అని అడుగుతాం. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ ముప్పు మనకు అంతకంటే దగ్గరగా, వంటగదిలో, 14.2 కిలోల గ్యాస్ బండ రూపంలో ఉంది. దాని గురించి చాలినంత మాట్లాడుకోవడం లేదన్న బాధతోనే ఈ వీడియో చేస్తున్నాను.

ముందుగా దారి సంగతి చూద్దాం. ఇరాన్‌కూ ఒమన్‌కూ మధ్య ఉన్న హోర్ముజ్ జలసంధి అత్యంత ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో పెద్ద నౌకలు రావడానికీ పోవడానికీ కేటాయించిన దారులు ఒక్కొక్కటీ మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. 2024లో రోజుకు సుమారు రెండు కోట్ల పీపాల చమురు, అంటే ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు, ఈ సందులోంచే బయటికి వచ్చింది. సౌదీ అరేబియాకు ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న యాన్బు రేవు దాకా, యూఏఈకి ఫుజైరా దాకా పైపులైన్లు ఉన్నా, అవి ప్రధానంగా ముడి చమురు కోసం వేసినవి, పైగా జలసంధి మోసే భారంలో కొంత భాగాన్నే మోయగలవు. ఖతార్ నుంచి ఓడలకెక్కే ద్రవీకృత సహజ వాయువుకు అలాంటి పక్కదారి ఏదీ లేదు.

ఈ దారి పూర్తిగా మూసుకుపోతేనే కష్టం మొదలవుతుందని కూడా అనుకోకూడదు. 1980లలో ఇరాన్, ఇరాక్ ఒకరి ట్యాంకర్లపై ఒకరు దాడులు చేసుకున్న సంవత్సరాల్లో నౌకలు నడుస్తూనే ఉన్నాయి గానీ బీమా ఖర్చులు విపరీతంగా పెరిగాయి. 2019 సెప్టెంబరులో సౌదీలోని అబ్కైక్ కేంద్రంపై డ్రోన్లు, క్షిపణులతో జరిగిన దాడి ఒక్క పూటలో రోజుకు 57 లక్షల పీపాల ఉత్పత్తిని నిలిపివేసింది. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు ఎర్ర సముద్రంలో దాడులకు దిగినప్పుడు ఓడలు ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య యుద్ధం నడుస్తుండగా హోర్ముజ్‌ను మూసివేయాలన్న ప్రతిపాదనకు ఇరాన్ పార్లమెంటు ఆమోదం తెలిపింది.

తెలుగు కుటుంబాలకు ఈ దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు చమురు ధర కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటింది. అదే సమయంలో, జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను విమానాల్లో వెనక్కు తీసుకురావలసి వచ్చింది. నూనెకు కట్టే డాలర్లు పెరిగాయి, గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చే డబ్బు తగ్గింది. అసలే బలహీనంగా ఉన్న విదేశీ మారక నిల్వలు అడుగంటి, 1991లో దేశం తన బంగారాన్ని ఇంగ్లండుకు పంపి అప్పు తెచ్చుకుంది. కడప నుంచి, కోనసీమ నుంచి కువైట్‌కు, జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్‌కి వెళ్లిన మనవాళ్లు నేటికీ లక్షల్లో ఉన్నారు కాబట్టి, అక్కడ యుద్ధం అంటే మనకు ధరల వార్త మాత్రమే కాదు.

ఆ అనుభవం తరువాత దేశం కొంత జాగ్రత్త పడింది. విశాఖపట్నం, మంగళూరు, పాడూరులలో భూమి లోపల రాతిని తొలిచి, 53.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టే వ్యూహాత్మక నిల్వ గుహలు నిర్మించారు. విశాఖ గుహలో 13.3 లక్షల టన్నులు పడతాయి. ఆ గుహల పనితీరు నిజంగా మెచ్చుకోదగినది. రాతిపొరల్లోని భూగర్భ జలం చుట్టూ ఒత్తిడి పెడుతూ ఉండడం వల్ల చమురు బయటికి ఊరిపోదు, ఉక్కు ట్యాంకుల అవసరం ఉండదు. అయితే అధికారిక లెక్క ప్రకారం ఈ మూడు చోట్లా కలిపి నిండుగా ఉన్నా దేశ అవసరాలకు తొమ్మిదిన్నర రోజులు వస్తాయి. విశాఖలోని నిల్వ ఒక్కటే అయితే రెండున్నర రోజులైనా రాదు. చమురు సంస్థల దగ్గరున్న నిల్వలు కూడా కలుపుకుంటే రెండు నెలలకు పైగా ఊపిరి పీల్చుకోవచ్చు.

వంటగ్యాస్‌కు ఆ పాటి ఊపిరి కూడా లేదు. దేశం ఏడాదికి మూడు కోట్ల టన్నులకు పైగా వంటగ్యాస్ వాడుతోంది, అంటే రోజుకు సుమారు 85 వేల టన్నులు. అందులో అరవై శాతం దాకా దిగుమతి, ఆ దిగుమతిలో అత్యధిక భాగం ఏళ్లుగా గల్ఫ్ నుంచి, ఈ హోర్ముజ్ జలసంధి దాటే వస్తోంది. విశాఖలో సముద్ర మట్టానికి 160 మీటర్లకు పైగా లోతున వంటగ్యాస్ కోసం మరో గుహ ఉంది, దాని సామర్థ్యం 60 వేల టన్నులు. ఇంజినీరింగ్ పరంగా గొప్ప కట్టడమే గానీ, దేశం మొత్తానికి అది ఒక్క రోజు వంటకు చాలదు. మంగళూరులో కొత్తగా వచ్చిన 80 వేల టన్నుల గుహను కలిపినా రెండో రోజు రాత్రి వంట దాకా వెళ్లలేం. 2026 సంవత్సరానికి అమెరికా నుంచి 22 లక్షల టన్నులు కొనేలా ప్రభుత్వ సంస్థలు చేసుకున్న ఒప్పందం మంచిదే, కానీ అది దిగుమతుల్లో పదో వంతు మాత్రమే.

ఉజ్వల పథకం వచ్చాక పది కోట్లకు పైగా పేద ఇళ్లలోకి సిలిండర్ చేరింది. పొగలో కళ్లు మండుతూ కట్టెలు ఊదిన తల్లులకు అది ఎంత ఉపశమనమో మాటల్లో చెప్పలేం, ఆ ఇళ్లు మళ్లీ కట్టెల పొయ్యికి పోకూడదన్నదే నా పట్టుదల. ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో మహాలక్ష్మి కింద 500 రూపాయల సిలిండర్ ఇస్తున్నారు. గల్ఫ్‌లో ధర పెరిగినప్పుడల్లా ఈ భారం ఖజానా మీదే పడుతుంది. తక్కువ ధరకు గ్యాస్ అమ్మిన నష్టాన్ని పూడ్చడానికి కేంద్రం చమురు సంస్థలకు 2022లో 22 వేల కోట్లు, 2025లో 30 వేల కోట్లు మంజూరు చేసింది.

మరి ప్రత్యామ్నాయం అంటే ఏమిటి? సౌర విద్యుత్తు అన్న జవాబు వెంటనే వస్తుంది, కానీ అది సగం జవాబే. మన దేశంలో కరెంటు ప్రధానంగా బొగ్గుతో తయారవుతుంది, చమురుతో కాదు. కాబట్టి కర్నూలులో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టినంత మాత్రాన ఒక్క లీటరు డీజిల్ కూడా మిగలదు. డీజిల్ తాగే యంత్రం కరెంటుకు మారినప్పుడే మిగులుతుంది. రైల్వే బ్రాడ్‌గేజ్ మార్గాలను దాదాపు పూర్తిగా విద్యుదీకరించి ఆ పని చేసి చూపించింది. మన రెండు రాష్ట్రాల్లో వ్యవసాయ బోర్లు చాలా వరకు కరెంటు మోటార్లతోనే నడుస్తాయి. ఉచిత విద్యుత్తు ఖర్చు మీద, అడుగంటే భూగర్భ జలాల మీద ఎన్ని అభ్యంతరాలున్నా, డీజిల్ ధర పెరిగినప్పుడు నీరు పెట్టే ఖర్చు పెరగకపోవడానికి కారణం అదే. దున్నకం, కోత, రవాణా మాత్రం ఇంకా డీజిల్ మీదే ఉన్నాయి.

సౌర ఫలకాలకూ బ్యాటరీలకూ చైనా మీద ఆధారపడాలి కదా అని అడిగేవారి ప్రశ్న సబబైనదే. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన మూలకాల అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే మన వాహన పరిశ్రమ ఇబ్బంది పడింది. తేడా ఏమిటంటే, దిగుమతి ఆగితే కొత్త ఫలకం రాదు గానీ, కప్పు మీద ఉన్నది ఇరవై ఏళ్ల పైన పనిచేస్తుంది. గ్యాస్ ఓడ ఆగితే నెల తిరగకుండానే పొయ్యి ఆగుతుంది.

అందుకే మొదట మారవలసింది పొయ్యి అని నా అభిప్రాయం. ఒక సిలిండర్ ఇచ్చే వేడికి సమానంగా ఇండక్షన్ స్టవ్ మీద వండుకోవడానికి రమారమి 120 యూనిట్ల కరెంటు పడుతుంది. సబ్సిడీ లేని సిలిండర్‌తో పోలిస్తే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. అడ్డం పడుతున్నది బిల్లుల పద్ధతి. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి బిల్లు సున్నా. నెలకు ఒక సిలిండర్, 150 యూనిట్ల కరెంటు వాడే ఇల్లాలు ఇండక్షన్ స్టవ్ కొనుక్కుని వంటలో సగాన్ని దాని మీదకు మార్చినా చాలు, ఆ గీత దాటి మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. అదే ఇంటికి గ్యాస్ మాత్రం 500 రూపాయలకే అందుతుంది. ఏ గృహిణి అయినా ఏది ఎంచుకుంటుందో చెప్పనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా యూనిట్లు పెరిగే కొద్దీ శ్లాబు మారి, పై యూనిట్లకు ఎక్కువ రేటు పడుతుంది.

సిలిండర్‌కు ఇచ్చే సబ్సిడీలో కొంత భాగాన్ని, కోరుకున్న కుటుంబాలకు వంట కోసం నెలకు వంద యూనిట్ల అదనపు పరిమితిగా ఇవ్వవచ్చు. సౌర విద్యుత్తు దండిగా ఉండే పగటి వేళల్లో పెద్ద ఎత్తున వండే అంగన్‌వాడీలలో, మధ్యాహ్న భోజన వంటశాలల్లో, హాస్టళ్లలో ముందుగా దీన్ని అమలు చేయవచ్చు. ఇందుకు పార్లమెంటులో చట్టం అక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వం, విద్యుత్ నియంత్రణ మండలి కలిసి వచ్చే ఏడాది టారిఫ్ ఉత్తర్వుల్లోనే చేర్చవచ్చు. ఆ టారిఫ్‌ల మీద మండలి జరిపే బహిరంగ విచారణల్లో ఎవరైనా అభ్యంతరాలు, సూచనలు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. మీ ఊరి మహిళా సంఘాల తరఫున ఈ ఒక్క అంశాన్ని అక్కడ లేవనెత్తాలని కోరుతున్నాను.