ఉద్దానంలో ఎలుగు ఎదురైతే

అందరికీ నమస్కారం. వన్యప్రాణి వారోత్సవాలంటే పులి గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషిని, ఎలుగు గురించే మాట్లాడతాను. మా వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట వైపు తెల్లారి తోటకెళ్లే ప్రతి మనిషికీ దాని భయం ఉంది.

నేను దాన్ని దగ్గరగా చూసింది జీడితోటలో. పిక్కలు ఏరడానికి వెళ్తున్నాం. ముందు చప్పుడే వినిపించింది. బుస్సుమని ఊదడం, వెంటనే గట్టిగా జుర్రుకోవడం, మళ్లీ ఊదడం. పొద తొలగించి చూస్తే చెదపుట్ట తవ్వుకుని తింటోంది. ఎలుగుకి పైదవడలో ముందు పళ్లు రెండుండవు. మట్టి ఊదేసి, ముక్కు రంధ్రాలు మూసుకుని, ఆ సందులోంచి చెదల్ని పీల్చేస్తుంది. వీపు మీద జూలు పట్టుకుని రెండు పిల్లలు. అంత దగ్గర్లో మేమున్నా అది తలెత్తలేదు. మా పెదనాన్న నా జబ్బ పట్టుకుని, మాట లేకుండా వెనక్కి నడిపించారు.

అది తలెత్తకపోవడమే అసలు ప్రమాదం. దాని వాసన శక్తి గొప్పది, చూపు అంతంతమాత్రం. తిండి మీద పడితే అడుగుల చప్పుడు కూడా పట్టించుకోదు. మనిషి నాలుగడుగుల దూరంలోకి వచ్చాక ఉలిక్కిపడుతుంది. పులులతో కలిసి బతికిన జాతి కదా, అలాంటప్పుడు పారిపోయే బదులు మీద పడుతుంది. పడితే తలా, ముఖమే. మా పక్క ఊళ్లో కన్ను పోయిన రైతు ఒకాయన ఉన్నారు, ఇప్పటికీ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకునే మాట్లాడతారు. ఆయన ముందు నిలబడి 'ఎలుగు పాపం' అనడానికి నాకు నోరు రాదు.

అలాగని అది ఊరి మీదకి దండెత్తిందన్న మాటా నేను ఒప్పుకోను. జీడిపండు, పనస, చెదలు, పగలు దాక్కోవడానికి గుబురు పొదలు, అన్నీ తోటల్లోనే దొరుకుతున్నాయి. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు కూలాక, బాగు చేయించుకునే స్తోమత లేక వదిలేసిన తోటల్లో ఆ పొదలు మరీ ఎక్కువయ్యాయి.

2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఎలుగు ఒక రైతుని చంపింది, తర్వాత మరికొందరిని గాయపరిచింది. అటవీశాఖ వాళ్లు మత్తుమందిచ్చి పట్టుకున్నాక అదీ చనిపోయింది. ఎలుగు కనిపించిందంటే చాలు, కుర్రాళ్లు కర్రలు, ఫోన్లు పట్టుకుని చుట్టుముడతారు. నాకు అన్నిటికన్నా టెన్షన్ అక్కడే. దారి మూసుకుపోయిన జంతువు ఎవరో ఒకరి మీద పడే బయటపడుతుంది.

పిల్లలూ, మీరు ఇళ్లకెళ్లి మూడు మాటలు చెప్పండి. చీకట్లో ఒంటరిగా తోటకెళ్లొద్దు. వెళ్తే గట్టిగా మాట్లాడుకుంటూ, టార్చి వేసుకుని వెళ్లాలి. రాలిన పనసపండ్లు ఇళ్ల పక్కన కుళ్లబెట్టొద్దు. పొదలు కొట్టించే ఖర్చు చిన్న రైతు ఒక్కడూ భరించలేడు, ఉపాధి హామీ పనుల్లో దాన్ని చేర్చమని పంచాయతీకి అర్జీ రాశాను. సంతకాల కాగితం ఆ బల్ల మీద ఉంది, పెద్దలు చదివి సంతకం పెట్టండి.