ఫోన్-ఇన్: ఇంగ్లిష్ వాక్యంలో కామా ఎక్కడ?

యాంకర్: నమస్తే. గ్రామర్ సందేహాలకు జవాబు చెప్పడానికి సార్ మనతో ఉన్నారు. మొదటి కాల్ నర్సంపేట నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా బాబు పదో తరగతి. తెలివైనోడే సార్, లెక్కల్లో మంచి మార్కులు వస్తాయి. ఇంగ్లిష్ పేపర్ చూస్తే అన్నీ ఎర్ర గీతలే. ‘కామా తప్పు’ అని రాశారు. నాది తెలుగు మీడియం. ఇప్పుడు పత్తి ఏరే రోజులు, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్లు లేరు...

సార్: ఒక్క వాక్యం చదవండమ్మా.

కాలర్: ‘ది ట్రెయిన్ రీచ్డ్ కాజీపేట్, వి గాట్ డౌన్.’

సార్: బాబు తెలుగులో అనుకుని రాశాడు. ‘రైలు కాజీపేట చేరింది, మేం దిగాం.’ తెలుగులో చక్కగా ఉంది. ఇంగ్లిష్‌లో రెండు పూర్తి వాక్యాలను కలపడానికి ఒక్క కామా చాలదు. కామా తర్వాత ‘అండ్’ రాయాలి. లేదంటే కామా తీసేసి ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ పెట్టాలి.

కాలర్: అంటే అండ్ వచ్చిన ప్రతిచోటా కామానా సార్?

సార్: వద్దు! పిల్లలు బోల్తా పడేది అక్కడే. ‘రైలు దిగి ఆటో ఎక్కాం’ అంటాం కదా. ‘వి గాట్ డౌన్ అండ్ టుక్ యాన్ ఆటో.’ అండ్ తర్వాత మళ్లీ ‘వి’ లేదు. కర్త లేదు కాబట్టి కామా వద్దు. అటూ ఇటూ కర్త, క్రియ రెండూ ఉన్నాయా, అది చూడాలి.

కాలర్: మరి ఆ కాజీపేట వాక్యంలో కామా ఉంచాలా, తీసేయాలా సార్?

సార్: ఉంచాలమ్మా, పక్కన అండ్ చేర్చాలి. చేరింది రైలు, దిగింది మీరు. కర్తలు ఇద్దరు. రాత్రి అన్నం తినేటప్పుడు ‘అండ్ తర్వాత ఎవరున్నారు బిడ్డా?’ అని అడగండి. అలా అడగడానికి మీకు ఇంగ్లిష్ రానక్కర్లేదు.

కాలర్: సరే సార్, అడుగుతా.

యాంకర్: పరకాల నుంచి.

కాలర్: సార్, బికాజ్ ముందు కామా పెట్టాలా?

సార్: మామూలుగా వద్దు. అది రెండు సమానమైన వాక్యాలు కలిసిన కాంపౌండ్ కాదు, ఒకటి ఇంకోదాని మీద ఆధారపడే కాంప్లెక్స్ వాక్యం. సమానమైన వాక్యాలను కలిపే చిన్న మాటలు ఏడే: ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో.

కాలర్: ఇంకోటి సార్...

యాంకర్: థాంక్యూ అండి. హనుమకొండ నుంచి.

కాలర్: డీఎస్సీకి చదువుతున్నా సార్. హౌఎవర్ కూడా బట్ లాంటిదే కదా?

సార్: అర్థం దగ్గరే, వాడే తీరు వేరు. ‘ఇట్ రెయిన్డ్, హౌఎవర్ వి వెంట్’ తప్పు. హౌఎవర్‌కు ముందు సెమికోలన్, తర్వాత కామా. రేపు మీరు పిల్లలకు చెప్పేవారు. ఊపిరి ఆగినచోట కామా అని మాత్రం చెప్పకండి. మళ్లీ చెప్తున్నా, అటూ ఇటూ కర్త, క్రియ చూపించండి.

యాంకర్: టైం అయిపోయింది. థాంక్యూ సార్.