కోచ్‌కి గెలవాలని ఉందా? ప్రీసీజన్ పందేల ముచ్చట

అక్క: నమస్తే అండీ. మేరీల్యాండ్ నుంచి నేను, హైదరాబాద్ నుంచి మా తమ్ముడు. ఈవేళ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం.

తమ్ముడు: అక్కా, నాకో డౌట్. ఎన్‌ఎఫ్‌ఎల్, అదే అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో, అసలు సీజన్‌కి ముందు ఆగస్టులో ఆడే ప్రీసీజన్ మ్యాచ్‌లు గెలుపోటముల పట్టికలోకి రావు కదా. మరి వాటి మీద డబ్బు ఎందుకు పెడతారు?

అక్క: లెక్కలోకి రావు కాబట్టేరా! మామూలు సీజన్‌లో రెండు జట్లూ గెలవడానికే దిగుతాయి. ఆగస్టులో అలా కాదు. ఒక కోచ్‌కి గెలవాలని ఉంటుంది. అవతలి కోచ్‌కి తన మూడో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టుని నడిపే ఆటగాడు) ఎలా ఆడతాడో చూస్తే చాలు. ఆ తేడా పసిగడితే డబ్బు వస్తుందని పందెం కాసేవాళ్ల ఆశ.

తమ్ముడు: అంటే జట్టుని కాదు, కోచ్ మనసుని చూసి కాయాలన్నమాట.

అక్క: అవును. మా బాల్టిమోర్ రేవెన్స్‌నే తీసుకో. జాన్ హార్బా కోచ్‌గా 2015 నుంచి 2023 దాకా ప్రీసీజన్‌లో వరసగా 24 మ్యాచ్‌లు గెలిచారు. అంతకుముందు రికార్డు విన్స్ లొంబార్డీ నడిపిన గ్రీన్‌బే ప్యాకర్స్‌ది, 19. లమార్ జాక్సన్ లాంటి పెద్ద ఆటగాళ్లు బెంచ్ మీదే ఉన్నా రేవెన్స్ గెలుస్తూనే ఉన్నారు.

తమ్ముడు: అందరు కోచ్‌లూ అలాగే ఆలోచిస్తారా?

అక్క: అస్సలు కాదు. లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు కోచ్ షాన్ మెక్‌వే ముఖ్యమైన వాళ్లని ప్రీసీజన్‌లో దించడమే అరుదు. దెబ్బ తగిలితే సీజనంతా పోతుందని ఆయన భయం. 2021లో మూడు ప్రీసీజన్ మ్యాచ్‌లూ ఓడి, అదే సీజన్‌లో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచారు! 2008లో డెట్రాయిట్ లయన్స్‌ది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. ప్రీసీజన్‌లో నాలుగుకి నాలుగూ గెలిచి, అసలు సీజన్‌లో పదహారుకి పదహారూ ఓడారు.

తమ్ముడు: అయ్యో. మరి రేవెన్స్ గెలుపుల వరస ఎలా తెగింది?

అక్క: అది మాత్రం మర్చిపోలేను. 2023 ఆగస్టు 21, వాషింగ్టన్‌తో మ్యాచ్. మా ఆయన రేవెన్స్ గెలుస్తారని 20 డాలర్లు కాశారు. సోఫా అంచున కూర్చుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు. చివరి క్షణాల్లో వాషింగ్టన్ కిక్కర్ జోయీ స్లై 49 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు, అంటే బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి దాటించాడు. 29-28తో వాషింగ్టన్ గెలిచింది. మా ఆయన ఏమీ మాట్లాడకుండా ఫోన్ బోర్లా పెట్టేశారు.

తమ్ముడు: 24 సార్లు గెలిచిన కోచ్‌ని నమ్మినా అంతేనా!

అక్క: కోచ్ గెలవాలనే అనుకున్నాడు. కానీ ఆ సమయానికి మైదానంలో ఉండేది ఎవరు? 90 మందిలోంచి 53 మందిని ఉంచుకుంటారు కదా, ఆ 53లో చోటు కోసం పోరాడుతున్న కుర్రాళ్లే. ఇంకోటి, 2021 నుంచి ప్రీసీజన్‌లో ఓవర్‌టైమ్ (అదనపు సమయం) లేదు, స్కోరు సమమైతే టైగానే ముగుస్తుంది. చివర్లో టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం) చేసి ఒక పాయింట్ తేడాకి వచ్చాక, కిక్ కొట్టి ఒక పాయింట్‌తో టై చేసుకోవాలా, గెలుపు కోసం రెండు పాయింట్లకి వెళ్లాలా అన్నది కోచ్ ఇష్టం. నీ డబ్బు సంగతి ఆయనకేం పట్టింది?

తమ్ముడు: ముందే ప్రెస్‌మీట్‌లో చెబుతారుగా, ఎవరు ఆడతారో?

అక్క: చెబుతారు. చెప్పిన కాసేపటికే లైన్, అంటే పందేల కంపెనీలు ఇచ్చే రేటు, మారిపోతుంది. మనం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి వార్త చదివే వేళకి ఆ లాభం ఎవరో పట్టుకుపోతారు. అదే నా బాధ. కోచ్‌ని అర్థం చేసుకున్నాం అనిపిస్తుంది, ఆ ధైర్యంతోనే ఎక్కువ పెట్టేస్తాం. ఇక్కడ మన కుర్రాళ్లు ఎందరో జీతం రాగానే పందేల యాప్ తెరుస్తున్నారు, చూస్తుంటే భయమేస్తుంది.

తమ్ముడు: తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ పందేలు నిషేధం కదా. నాకు ఆట చూడటమే.

అక్క: అదే మంచిది. నాలుగో క్వార్టర్, అంటే ఆటలో చివరి భాగం, వదలకు. ఆ కుర్రాళ్లలో చాలామందిని మళ్లీ టీవీలో చూడం. అందుకే ఒక్కో బంతికీ ప్రాణం పెట్టి ఆడతారు. మా ఆయన కూడా ఇప్పుడు వాళ్ల నంబర్లు కాగితం మీద రాసుకుని కూర్చుంటున్నారు.