బటన్ నొక్కడం వాడికి ఇష్టం: డాలస్ చెరువు గట్టు మీద పిల్లలతో గాలాలు

హోస్ట్: నమస్కారం అండీ. ఈ రోజు మనతో ఉన్న అన్నయ్య పుట్టింది కోనసీమలో, ఉంటున్నది డాలస్ దగ్గర. వైకల్యం ఉన్న పిల్లల్ని, చెరువు గట్టు దాకా తీసుకెళ్ళేవాళ్ళు లేని పేదింటి పిల్లల్ని శనివారాలు చేపలు పట్టడానికి తీసుకెళ్తుంటారు. అన్నయ్యా, మొదటిసారి ఎలా వెళ్ళారు?

అతిథి: మా ఆఫీసులో ఒకతను "మనిషి తక్కువయ్యాడు, రాగలవా" అంటే వెళ్ళానమ్మా. గాలం నాకు కొత్త కాదు. వెదురు కర్ర, తంగూసు, నెమలీక కాడ బెండు, కొబ్బరి చెట్టు మొదట్లో తవ్విన ఎర్రలు... నా చిన్నతనమంతా కాలవ గట్టు మీదే గడిచింది. అంతా వచ్చనుకున్నాను. మొదటి రోజే తప్పు చేశాను.

హోస్ట్: ఏమైంది?

అతిథి: చక్రాల కుర్చీలో ఒక పాప, పదేళ్ళుంటాయి. బెండు మునిగింది. పాప చెయ్యి నెమ్మదిగా కదులుతోంది. నాకు టెన్షన్. చేప పోతుందేమోనని కర్ర లాక్కుని నేనే లాగేసి, చేపని పాప చేతికిచ్చి ఫొటో తీశాను. ఆ ఫొటో చూసి "ఇది మీరు పట్టిందే కదా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ బెండు మునిగిందంటే చేతులు వెనక్కి కట్టుకుంటాను. చేప పోతే పోనీ, పోగొట్టుకున్నది కూడా ఆ పాపే కావాలి.

హోస్ట్: మరి మీరు చేసే సాయం ఏమిటి?

అతిథి: అంతా ముందే చేసిపెడతాం. కుర్చీని నీళ్ళకి ఎదురుగా కాకుండా పక్కవాటుగా పెట్టి, రెండు బ్రేకులూ వేసి, చక్రాల కింద చెక్క పెడతాం. ఒక చెయ్యే వాడగలిగే పిల్లలకి కర్రని కుర్చీకి బిగిస్తాం, తంగూసు చుట్టుకునే రీల్‌ని తిప్పితే చాలు. గాలానికి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తాం. వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వచ్చేస్తుంది. చూపులేని బాబుకైతే తంగూసు మీద వేలు పెట్టించాను. చేప ఎరని పొడుస్తుంటే "ఎవరో తలుపు తడుతున్నారు" అన్నాడు. నలభై ఏళ్ళుగా గాలం వేస్తున్నాను, నాకు ఆ మాట తట్టలేదు.

ఇక్కడ ఎక్కువగా పడేది ఛానెల్ క్యాట్‌ఫిష్, మన జెల్లకి చుట్టమనుకో. వీపు మీద ఒకటి, పక్క రెక్కల్లో చెరొకటి ముళ్ళుంటాయి. అందుకే చేపని పట్టుకునే పని మాత్రం పెద్దవాళ్ళదే.

హోస్ట్: ఆ చేపలు ఎవరు వదులుతారు?

అతిథి: టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అనే రాష్ట్ర ప్రభుత్వ శాఖ వాళ్ళు. 'నెయిబర్‌హుడ్ ఫిషిన్' అని ఊళ్ళ మధ్య పార్కుల్లో ఉన్న చెరువుల్లో క్యాట్‌ఫిష్, చలికాలంలో ట్రౌట్ వదులుతారు. పడవా కారూ లేని కుటుంబానికి అదే పెద్ద వరం. 17 ఏళ్ళలోపు పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు.

హోస్ట్: మన తెలుగు కుటుంబాలు వస్తాయా?

అతిథి: తక్కువేనమ్మా. బిడ్డకి ఆటిజం ఉందంటే నలుగురూ ఏమనుకుంటారోనని గుళ్ళో ఫంక్షన్లకే తీసుకురారు. ఒక తల్లి మాత్రం వచ్చింది. అరగంట కార్లోనే కూర్చుంది. బాబుకి ఎనిమిదేళ్ళు, మాటలు లేవు. చేప వైపే చూడలేదు. రీల్ మీద బటనే కావాలి వాడికి. నొక్కితే టిక్కుమంటుంది, తిప్పితే మళ్ళీ టిక్కు.

ఆ బటన్ రీల్‌కి ఒక కథ ఉంది. టెక్సాస్‌లో గడియారాలు బాగుచేసే ఆర్.డి. హల్ అనే ఆయనకి, కొట్లో పొట్లం కడుతుంటే కదలని ఉండ నుంచి పురికొస జరజరా రావడం చూసి ఆలోచన వచ్చిందట. పక్క రాష్ట్రం ఓక్లహోమాలోని టల్సాలో చమురు బావులకి బాంబులు చేసే కంపెనీకి వెళ్ళి చెప్పాడు. 1949లో మొదటి రీల్ చేశారు. ఆ 'జీరో అవర్ బాంబ్ కంపెనీ' పేరే తర్వాత 'జెబ్కో' అయింది. బొటనవేలు ఒక్కటి ఆడితే చాలు, ఏ బిడ్డయినా గాలం వేయొచ్చు.

హోస్ట్: బాబు సంగతి చెప్పండి.

అతిథి: గాలం విప్పేసి, సీసం గుండు ఒక్కటే ఉంచాను. నొక్కుతాడు, గుండు బుడుంగున పడుతుంది, నీటిలో వలయాలు పోయేదాకా చూస్తాడు, తిప్పుతాడు. మళ్ళీ నొక్కుతాడు. రెండు గంటలు. ఎవరూ వద్దనలేదు. ఆ తల్లి కారు దిగి వచ్చి, చెట్టు కింద కూర్చుని టీ తాగింది. "అన్నయ్య గారూ, చల్లారకముందే టీ తాగి ఎన్నేళ్ళయిందో" అంది.

ఆ రీల్ వాడికే ఇచ్చేశాం.

హోస్ట్: (కాసేపు ఆగి) నేనూ రావచ్చా అన్నయ్యా? నాకు గాలం పట్టుకోవడం కూడా రాదు.

అతిథి: జూన్ మొదటి శనివారం రా తల్లీ. ఆ రోజు టెక్సాస్‌లో ఎవరికీ లైసెన్స్ అక్కర్లేదు. పొద్దున్నే ఏడింటికల్లా వచ్చెయ్, పదయితే ఎండ మండిపోతుంది. టోపీ తెచ్చుకో. టీ ఫ్లాస్కు కూడా, కాస్త పెద్దది.