ఆదివారం బండ మీద, సోమవారం ల్యాబ్‌లో

వేదిక మీదున్న అధ్యాపకులకు, తోటి విద్యార్థులకు, ఈ ఏడాది కొత్తగా చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

బండలెక్కుతూ తిరిగితే డిగ్రీ ఎప్పుడు పూర్తవుతుందని నన్ను చాలామంది అడుగుతుంటారు. అలా అడిగేవాళ్లలో మా అమ్మ కూడా ఉంది. ఆమె రెక్కల కష్టంతోనే నా ఫీజు కడుతోంది కాబట్టి ఆ ప్రశ్న అడిగే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. ఈ రోజు దానికి దాటవేయకుండా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ముందు మన కాళ్ల కింది నేల గురించి చెబుతాను. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో కనిపించే గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోతుల్లో శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడితే ఏర్పడిన రాయి ఇది. పైనున్న పొరలన్నీ అరిగిపోయి బరువు తగ్గేసరికి ఉల్లిపొరల్లా పలకలుగా విడివడింది. పగుళ్ల వెంట నీళ్లు దిగి మూలలు అరగడంతో గుండ్లు తయారయ్యాయి. నేను భూగర్భశాస్త్ర విద్యార్థిని. వారమంతా క్లాసులో చదివింది ఆదివారం చేత్తో తాకి చూస్తాను. నా చదువుకూ ఈ బండలెక్కడానికీ పోటీ లేకపోవడానికి మొదటి కారణం ఇదే.

భువనగిరి కోట ఉన్న ఏకశిల సుమారు 500 అడుగుల ఎత్తుంటుంది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన కొండ అది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ పొందింది అక్కడే. 2014 మే 25న వాళ్లిద్దరూ ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. పర్వతారోహణ మన పిల్లలకు అందని విద్య అని ఎవరైనా అంటే నేను ఆ తేదీని గుర్తుచేస్తాను.

ఎగుడుదిగుడుల్లేని పరుపుబండ మీద చేతికి పట్టు దొరకదు. మడమ కిందికి దించి, ఒంటిని రాయికి కాస్త ఎడంగా ఉంచి, బరువంతా పాదాల మీద మోపాలి. భయపడినప్పుడు మనిషి బండను కరుచుకుంటాడు. అప్పుడు పాదం రాయిని గట్టిగా నొక్కదు, జారిపోతుంది. లంబబలం, అంటే తలాన్ని నిటారుగా నొక్కే బలం, పెరిగితే ఘర్షణ పెరుగుతుందని ఇంటర్‌లో బట్టీ పట్టాను. అది నిజంగా అర్థమైంది మాత్రం బండ మీదే.

ఇక నా వారం సంగతి. శనివారం సాయంత్రానికి ప్రాక్టికల్ రికార్డు పూర్తికాకపోతే ఆదివారం బస్సెక్కను. ఇది కచ్చితమైన నియమం. గరుకు రాయి మీద వేళ్ల తోలు లేచిపోతుంది కాబట్టి సోమవారం కలం పట్టుకోవడం కష్టమవుతుంది. అందుకే ఆ రోజు మైక్రోస్కోపు పని పెట్టుకుంటాను. పలచగా అరగదీసిన రాతి ముక్కలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాల రేణువులను చూస్తున్నప్పుడు, ముందురోజు నా బూటును నిలబెట్టింది వీటి గరుకుతనమే అనిపిస్తుంది. మిగతా రోజుల్లో తాడు ముట్టను. వేళ్లు కోలుకోవడానికి వ్యవధి కావాలి, పాఠాలకూ కావాలి. తెల్లవారుజామున చదువుకుంటాను. వీలైన సాయంత్రాల్లో పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నడుస్తూ నీటికాకులనూ కొంగలనూ చూసి వస్తాను. వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో బండ మీద చెయ్యి పెట్టలేం. ఆ నెలలు పరీక్షలవి.

ఈ రాయి నాకు ఆనందంతో పాటు మరొకటి కూడా ఇచ్చింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ఊళ్లలో ఎముకలను వంచిన ఫ్లోరైడు బయటి నుంచి రాలేదు. గ్రానైటులోని ఫ్లోరైటు, అపటైటు, బయోటైటు వంటి ఖనిజాల నుంచి భూగర్భజలంలోకి దిగింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడనిది, ఇక్కడి చాలా బోర్లలో అంతకంటే ఎక్కువే ఉండేది. మా నాయనమ్మ నడుము నిటారుగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి ప్రపంచమంతటా మన జిల్లా పేరే ఉంది, నల్లగొండ పద్ధతి అంటారు. నేను భూగర్భశాస్త్రం ఎంచుకున్నది కొండలమీది ఇష్టంతో. దాన్ని వదలకుండా చదువుతున్నది నాయనమ్మ కోసం.

ప్రకృతి ప్రేమ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బండ మనకు ఆటస్థలం కాకముందే ఎన్నో ప్రాణులకు ఇల్లు. చరియల అరుగుల మీద కొమ్ముల గుడ్లగూబ శీతాకాలంలో గుడ్లు పెడుతుంది. మనకు ఎక్కడానికి అనుకూలమైన కాలమూ అదే. గూడు కనిపిస్తే ఆ దారి మానేయాలి, ఎంత మంచి దారైనా సరే. వేలాడే చరియల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి, అక్కడ కేకలు, పొగ పనికిరావు. దొనల్లో నిలిచిన వాననీళ్లలో కప్పపిల్లలు ఎదుగుతుంటాయి, వాటిలో కాళ్లు కడగకండి. గుట్టల సందుల్లో పెరిగే సీతాఫలం చెట్లు ఎన్నో పేద కుటుంబాలకు ఆదాయం. బాలానగర్ పేరుతో ప్రసిద్ధమైన రకం పాలమూరుదే. తాడు కట్టడానికి వాటి కొమ్మలు విరిచేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

మన చుట్టూ గుట్టలు కంకరగా, పలకలుగా లారీలెక్కుతున్నాయి. ఇళ్లకూ రోడ్లకూ రాయి కావాలని నాకు తెలుసు. కానీ ఏ గుట్ట మీద ఏముందో రాసి పెట్టకుండానే పేల్చేస్తే, ఏం పోయిందో కూడా మనకు తెలియదు. అందుకే మన కాలేజీ నుంచి ఒక పని మొదలుపెడుతున్నాం. ఒక్కో గుట్టకు ఒక్కో నోటుబుక్కు పెడతాం. రాయి రకం, దొనలు, గూళ్లు, చెట్లు, ఆ ఊరివాళ్లు చెప్పే పేర్లు అన్నీ అందులో రాస్తాం. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, తెలుగు చదివేవాళ్లు మాకు చాలా అవసరం. ఎక్కడం రాకపోయినా ఫరవాలేదు.

వచ్చే ఆదివారం ఉదయం అయిదున్నరకు బస్టాండులో కలుద్దాం. తాళ్లు, హెల్మెట్లు శిక్షకులే తెస్తారు, వాళ్లు లేకుండా ఎవరూ బండెక్కకూడదు. మీరు నీళ్ల సీసా, టోపీ, పెన్సిలు తెచ్చుకోండి. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్ల కోసం రిజిస్టరు ఈ బల్ల మీదే ఉంది.