లీకు తెలిసిన తరువాత 72 గంటలు

శ్రీకాంత్: నమస్కారం. ఆన్‌లైన్ వ్యాపారాలు గోప్యతా చట్టాలకు లోబడి నడిచేలా చేయడానికి మనవంతుగా ఏం చేయగలమో చెప్పుకుంటున్న ఈ వరుసలో, వినియోగదారుల డేటా లీకైతే ఏం చేయాలన్నది ఈ వారం విషయం. మాధవి గారూ, మీరు ప్రతిసారీ తెచ్చే 'కస్టమర్ల పుట్టిన తేదీ ఎందుకు అడగాలి' అనే ప్రస్తావన ఈసారి రాదని శ్రోతలకు మాట ఇవ్వమంటారా?

మాధవి: ఇవ్వకండి, మాట తప్పినవారవుతారు. లీకు సంగతికి ముందు, మీరు మన క్లయింటుకు ఖరారు చేసిన కుకీ బ్యానర్ మీద, అంటే సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లకు (కుకీలకు) అనుమతి అడిగే పెట్టె మీద, నాకు అభ్యంతరం ఉంది.

శ్రీకాంత్: అది ఇక్కడే తేల్చాలా?

మాధవి: ఇక్కడే తేల్చాలి. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అనే బటన్ ఆకుపచ్చగా తెర నిండా ఉంది. వద్దనుకునేవారు మాత్రం బూడిదరంగులో ఉన్న 'సెట్టింగ్స్' వెతికి పట్టుకుని, రెండో తెరలోకి వెళ్లి, ఒక్కొక్కటీ ఆపుకుంటూ రావాలి. ఒప్పుకున్నంత సులువుగా కాదనే వీలు ఇవ్వలేదనే కదా, ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ సీఎన్‌ఐఎల్ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది!

శ్రీకాంత్: వారి సంగతి వేరు. ఇది ముగ్గురు మనుషులతో నడిచే దుకాణం. వచ్చినవారిలో సగం మంది కాదంటే ఏ ప్రకటన పనిచేస్తోందో వీరికి తెలిసే దారే ఉండదు.

మాధవి: అది వారి వ్యాపారానికి ఇబ్బందే, కాదనను, అంతమాత్రాన ఎదుటివారు ఒప్పుకున్నట్టు రాసుకోలేం కదా. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందికి రాదని ఐరోపా న్యాయస్థానం 2019లోనే ప్లానెట్49 అనే సంస్థ కేసులో తేల్చింది. అయినా నా అసలు బాధ రంగు గురించి కాదు. బ్రౌజర్‌లో సైటు తెర వెనక ఏం చేస్తోందో చూపే డెవలపర్ టూల్స్ తెరిచి చూస్తే, ఏ బటనూ నొక్కకముందే ప్రకటనల కుకీ వచ్చి కూర్చుంది.

శ్రీకాంత్: ఆ స్క్రిప్ట్‌ను అంటే ఆ కుకీని పెట్టే కోడ్ ముక్కను, పాత డెవలపరెవరో నేరుగా సైటు థీమ్‌లో అతికించి వెళ్లారు. బ్యానర్ తనకు అప్పగించిన కోడ్ ముక్కలనే ఆపగలదు.

మాధవి: బ్యానర్ కొనగానే చట్టం తీరిపోయిందనుకునే వారితో నా పేచీ అదే! కార్టుకూ లాగిన్‌కూ తప్పనిసరైన కుకీలకు ఐరోపాలో సమ్మతి అడగనక్కరలేదు. ఆ ప్రకటనల స్క్రిప్ట్ తీసేస్తే ఈ దుకాణానికి బ్యానరే అవసరం లేదేమో.

శ్రీకాంత్: ఆ మాట మీరే వారికి చెప్పండి. (నవ్వు) సరే, లీకు. ఐరోపా సమాఖ్య గోప్యతా చట్టమైన జీడీపీఆర్ ప్రకారం, ప్రజలకు ముప్పు కలిగే అవకాశం లేకపోతే తప్ప, నియంత్రణ సంస్థకు 72 గంటల్లో తెలపాలి. ఆ గడువు లీకైన క్షణం నుంచి కాక, అది మనకు తెలిసినప్పటి నుంచి మొదలవుతుంది. ముప్పు తీవ్రమైతే ఆ వినియోగదారులకు కూడా ఆలస్యం చేయకుండా చెప్పాలి. ఏ వివరం ఎక్కడ నిల్వ ఉందో ముందే పట్టిక రాసుకోనివారికి ఆ గంటలన్నీ వెతుకులాటకే సరిపోతాయి.

మాధవి: ఆ పట్టికలో పుట్టిన తేదీ అనే వరుస...

శ్రీకాంత్: వచ్చేసింది.

మాధవి: రానివ్వండి. పుట్టినరోజు కూపన్ పంపడానికి నెల, తేదీ చాలవా? సంవత్సరం దేనికి?

శ్రీకాంత్: వయసు తెలియాల్సిన సరుకులుంటాయి కదా.

మాధవి: వీరు అమ్మేది ఫోన్ కవర్లు.

శ్రీకాంత్: ఆ వరుస తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ బ్యాకప్‌లలో ఉన్న పాత తేదీల మాటేమిటి?

మాధవి: బ్యాకప్‌లు ఎన్నాళ్లు ఉంచుతున్నారో వారిని ఎవరైనా అడిగారా?

శ్రీకాంత్: సమయం దాటిపోయింది, రికార్డింగ్ ఆపుతున్నాను.